ఏడాదిలో పన్నెండు ఆత్మకథలు: ఊరి గ్రంథాలయంలో ఉన్నవాటి నుంచి ఎలా ఎంచుకోవాలి?

నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఈ నవంబరు వారోత్సవాల నుంచి ఏడాది పాటు నెలకొక పుస్తకం చదివే ఛాలెంజ్ పెట్టుకున్నారు. పుస్తకాలన్నీ ఆత్మకథలో, జ్ఞాపకాలో అయి ఉండాలి. కొనకూడదు, గ్రంథాలయం నుంచే తెచ్చుకోవాలి. బృందంలో మీతో కలిపి ఎనిమిది మంది: నలుగురు డిగ్రీ విద్యార్థులు, ఇద్దరు గృహిణులు, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మీరు. ఎంపిక మీకు అప్పగించారు. గాంధీ, కలాం తప్ప మరో పేరు తట్టడం లేదన్నారు. జీవితచరిత్రలు కూడా లెక్కలోకి వస్తాయా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పేరున్న మనిషిని చూసి పుస్తకం ఎంచుకోకండి. ఒక ఇంటిని, ఒక పనిని, ఒక ఊరిని దగ్గరి నుంచి చూపించే పుస్తకాన్ని ఎంచుకోండి. జాబితా ఇంట్లో కూర్చుని రాయకండి. గ్రంథాలయానికి వెళ్ళి, బీరువాల్లో ఏమున్నాయో చూసి రాయండి. అందరూ ఒకే నెలలో ఒకే పుస్తకం చదవాలన్న పట్టుదల వదిలేయండి. మొదలుపెట్టడానికి కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ మంచిది. జీవితచరిత్రలకు పన్నెండింటిలో ఒక్క చోటు ఇవ్వండి, అంతకు మించి వద్దు.

ఇక కారణాలు. నేను ఇరవై రెండేళ్ళు శాఖా గ్రంథాలయాల్లో గ్రంథపాలకురాలిగా పనిచేశాను. ఇలాంటి పఠన కార్యక్రమాలు ఆరు నడిపాను. అందులో మొదటిది మూడో నెలకే సగం ఖాళీ అయింది. తప్పు నాదే. కాలక్రమంలో చదివితే పద్ధతిగా ఉంటుందనుకుని మొదటి నెలలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘స్వీయ చరిత్రము’ చేతుల్లో పెట్టాను. అది గొప్ప పుస్తకం. కానీ గ్రాంథిక భాష, పొడవైన వాక్యాలు, పాత అచ్చు. అంతవరకు వారపత్రిక నవలలు చదివిన గృహిణి ఒకరు పదిహేనో రోజున పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టి, ‘ఇవి నాలాంటివాళ్ళ కోసం కావేమోనండి’ అన్నారు. ఆవిడ మళ్ళీ రాలేదు. అదే పుస్తకాన్ని మరో ఏడాది ఏడో నెలలో ఇచ్చాను. ఆపాటికి అందరికీ ఆ కాలం పరిచయమై ఉంది, ఆ మనుషుల పేర్లు తెలిసి ఉన్నాయి. ఆ సారి అందరూ పూర్తి చేశారు. పుస్తకం మారలేదు, దాని వంతు మారిందంతే. అందుకే ఎంపికలో సగం పని ఏది ముందు, ఏది వెనుక అన్నది తేల్చుకోవడమే అంటాను.

‘నిర్జన వారధి’ ముందు ఎందుకంటే, అది రాసినావిడ తొంభై ఏళ్ళు దాటాక, ఎవరినీ మెప్పించాల్సిన అవసరం లేని వయసులో రాశారు. 2012లో వచ్చింది. బాల్యంలోనే వితంతువు కావడం, మళ్ళీ పెళ్ళి, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త దూరం కావడం, ముప్పై దాటిన వయసులో హైదరాబాదు వెళ్ళి మళ్ళీ బడి బల్లమీద కూర్చోవడం, కాకినాడలో విద్యార్థినుల హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం, కడుపున పుట్టిన ఇద్దరినీ పోగొట్టుకోవడం, ఇన్ని ఉన్నాయి ఆ సన్నని పుస్తకంలో. ఇంత దుఃఖాన్ని ఆవిడ గొంతు పెంచకుండా చెబుతారు. వాక్యాలు చిన్నవి. పదో తరగతి చదివినవారు కూడా ఎక్కడా ఆగరు. మా బృందంలో కుట్టుపని చేసే అమ్మాయి ఒకతె దాన్ని రెండుసార్లు రెన్యూవల్ చేయించుకుంది. రెండోసారి ఎందుకని అడిగితే, హాస్టలు ఉద్యోగం వచ్చిన పేజీలు అమ్మకు చదివి వినిపిస్తున్నానని చెప్పింది.

ఒక్క ప్రతి ఉన్నప్పుడు

మీ ప్రణాళికలో ఒక చిక్కు ఉంది. శాఖా గ్రంథాలయంలో ఏ ఆత్మకథైనా మామూలుగా ఒక్క ప్రతే ఉంటుంది. ఒక్క ప్రతి ఎనిమిది మంది మధ్య ముప్పై రోజుల్లో తిరగాలంటే మనిషికి నాలుగు రోజులు కూడా రావు. నేను చాలా కష్టపడి నేర్చుకున్నది ఏమిటంటే, నెలకొక పుస్తకం అనకుండా రెండు నెలలకొక గుత్తి అనుకోవాలి. ఒకదానితో ఒకటి ముడిపడిన మూడు నాలుగు పుస్తకాలు ఒక గుత్తి. రెండు నెలల్లో ప్రతి ఒక్కరూ అందులో రెండు చదువుతారు. ఏడాదికి ఆరు గుత్తులు, మనిషికి పన్నెండు పుస్తకాలు. లెక్క తప్పదు, పుస్తకాలు చేతులు మారుతూనే ఉంటాయి. మొదటి గుత్తిలో అందరికీ ‘నిర్జన వారధి’ అందేలా, దానికి మాత్రం జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి రెండో ప్రతి అడగండి.

దీనివల్ల అనుకోని మేలు మరొకటి జరిగింది. అందరూ ఒకే పుస్తకం చదివితే చర్చలో ఇద్దరు మాట్లాడతారు, మిగిలినవారు తలలు ఊపుతారు. ఒకే సంఘటనను ఇద్దరు వేర్వేరు పుస్తకాల్లో చదివి వస్తే, ‘మీ పుస్తకంలో అలా ఉందా, నా దాంట్లో ఇలా ఉంది’ అని మొదలవుతుంది. ఆత్మకథలకు ఇది మరీ అవసరం. ఏ మనిషీ తన కథను పూర్తిగా చెప్పలేడు. మరిచిపోతాడు, దాచుకుంటాడు, తనవైపు కొంచెం మొగ్గుతాడు. పక్కన మరొకరి పుస్తకం ఉంటే ఆ మొగ్గు కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చిన గుత్తి రాజమండ్రిది. కందుకూరి ‘స్వీయ చరిత్రము’, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి ‘స్వీయచరిత్రము’, టంగుటూరి ప్రకాశంగారి ‘నా జీవిత యాత్ర’, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. నాలుగూ ఆ గోదావరి గాలి తగిలినవే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించిన మనిషి తన పోరాటాన్ని తానే చెప్పుకున్నది ఒకటి. ఆ ఊళ్ళోనే ఆయనను దగ్గరి నుంచి చూసిన తర్వాతి తరం రచయిత, చూపు పోయాక చెప్పి రాయించుకున్నది మరొకటి. తండ్రి పోయాక ఒంగోలులో తల్లి పూటకూళ్ళు పెట్టి పెంచిన పిల్లవాడు, మేష్టారి వెంట రాజమండ్రి వచ్చి, చిలకమర్తివారి నాటకాల్లో వేషాలు వేసి, తర్వాత ఆ ఊరికే మునిసిపల్ ఛైర్మన్ అయినది మూడోది. సైమన్ కమిషన్‌కు ఎదురునిలిచిన 1928 మద్రాసు ప్రకాశం పంతులు అందరికీ తెలుసు. రంగు పూసుకుని స్టేజీ ఎక్కిన కుర్రవాడు ప్రకాశం ఎవరికి తెలుసు? మా డిగ్రీ పిల్లల్లో ఒకడు చిలకమర్తి పుస్తకం చదువుతూ ప్రకాశం పేరు రాగానే లేచి, ప్రకాశంగారి పుస్తకం చదువుతున్న మాస్టారి దగ్గరికి వెళ్ళి, ‘మీ ఆయన మా పుస్తకంలో ఉన్నాడు’ అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ రెండు పుస్తకాలు పక్కపక్కన తెరిచి పెట్టుకుని, గ్రంథాలయం మూసేదాకా కూర్చున్నారు.

శ్రీపాదవారిది ఆ గుత్తిలో తప్పక ఉండాలి. కందుకూరివారి గ్రాంథికంతో అలసిపోయినవారికి ఆయన వాడుక తెలుగు చల్లటి మజ్జిగలా ఉంటుంది. వేదం, శ్రౌతం (యజ్ఞకర్మల విద్య) తప్ప మరొకటి ఎరగని ఇంట్లో పుట్టిన పిల్లవాడు సంస్కృతం చదువుకోమంటే తెలుగు మీద మనసు పెట్టుకోవడం, దానికి ఇంట్లో పడిన తంటాలు, ఇవన్నీ చెబుతుంటే పక్కన కూర్చుని విన్నట్టుంటుంది. అయితే పెద్ద పుస్తకం. రెండు నెలలూ దానికే ఇచ్చేవారికి ఒక్క పుస్తకానికే రెండు లెక్కలు వేయండి. మేము అలాగే చేశాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

తెలంగాణ గుత్తికి నేను ఎప్పుడూ దాశరథి సోదరులతో మొదలుపెడతాను. అన్న కృష్ణమాచార్యది ‘యాత్రాస్మృతి’, తమ్ముడు రంగాచార్యది ‘జీవనయానం’. ఒకే తల్లి బిడ్డలు, ఒకే నిజాం రాజ్యం. అన్న నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన కవి, తమ్ముడు నవలాకారుడు. ఇద్దరు ఒకే ఇంటిని గుర్తు చేసుకున్న తీరు చూడటానికే ఈ రెండూ కలిపి చదవాలి. వాటితో కాళోజీగారి ‘ఇదీ నా గొడవ’ చేర్చండి. ఇక్కడ ఒక జాగ్రత్త: ‘నా గొడవ’ ఆయన కవిత్వం, ‘ఇదీ నా గొడవ’ ఆత్మకథ. పేర్లు దగ్గరగా ఉండటంతో మా గ్రంథాలయంలోనే రెండూ ఒకే వరసలో ఉండేవి, ఒకటి అడిగితే మరొకటి వచ్చేది. అలాగే బోయి భీమన్నగారి ‘పాలేరు’ నాటకం, ‘పాలేరు నుంచి పద్మశ్రీ వరకు’ ఆత్మకథ.

తెలంగాణ సాయుధ పోరాటాన్ని ఆడవాళ్ళ నోట వినాలంటే మల్లు స్వరాజ్యం ‘నా మాటే తుపాకీ తూటా’, స్త్రీ శక్తి సంఘటన సేకరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఉన్నాయి. రెండోది ఒకరి ఆత్మకథ కాదు, పోరాటంలో పాల్గొన్న చాలామంది స్త్రీలు చెప్పిన మాటలు. నియమం ప్రకారం ఇది చెల్లుతుందా అని మాకు వాదన వచ్చింది. చెప్పినవాళ్ళు తమ గురించి తామే చెప్పారు కాబట్టి చెల్లుతుందని తేల్చాం. ఈ రెండింటినీ ‘నిర్జన వారధి’తో కలిపి మొదటి గుత్తిగా పెట్టండి.

బీరువా ముందు పది నిమిషాలు

నేను పైన చెప్పిన పేర్లన్నీ మీ గ్రంథాలయంలో ఉండకపోవచ్చు. నేను వినని పుస్తకాలు అక్కడ ఉండొచ్చు. కాబట్టి చేతికి వచ్చిన పుస్తకాన్ని ఎలా తూచాలో చెబుతాను.

ముందుమాటలు చదవకండి. ఆత్మకథలకు ముందుమాట రాసినవాళ్ళు స్నేహితులో శిష్యులో అయి ఉంటారు, పొగడక తప్పదు. పుస్తకాన్ని మధ్యలో తెరిచి రెండు పేజీలు చదవండి. ఆ రెండు పేజీల్లో సన్మానాలు, పదవులు, వేదిక మీద కూర్చున్నవారి పేర్లు మాత్రమే ఉంటే మళ్ళీ లోపల పెట్టేయండి. ఆ రోజు ఏం తిన్నారో, ఎంత దూరం నడిచారో, జీతం ఎంతో, ఎవరు కొట్టారో, ఏ మాటకు సిగ్గుపడ్డారో ఉంటే తీసుకోండి. ఒక్క మంచి గుర్తు చెబుతాను. రాసినవారు తాము తప్పు చేసిన సందర్భం ఒక్కటైనా వివరంగా చెప్పారా అని చూడండి. లేకపోతే మూడు వందల పేజీలు ఒకే స్వరంలో సాగుతుంది, బృందం అలసిపోతుంది.

తర్వాత చివరి అధ్యాయం చూడండి. పుస్తకం ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా ఎవరికీ ఇవ్వకండి. మనిషి జీవితం ఆగిన చోట ఆత్మకథ ఆగదు. గాంధీజీ ‘సత్యశోధన’ 1920ల తొలినాళ్ళతో ముగుస్తుంది. ఉప్పు సత్యాగ్రహం 1930లో జరిగింది, కాబట్టి అందులో ఉండదు. మా బృందంలో ఒక అమ్మాయి దండి యాత్ర కోసం చివరి వంద పేజీలు వెతికి, తన ప్రతిలో పేజీలు పోయాయేమోనని నా దగ్గరికి తెచ్చింది. కలాంగారి ‘ఒక విజేత ఆత్మకథ’కు మూలమైన ఇంగ్లీషు పుస్తకం 1999లో వచ్చింది, ఆయన రాష్ట్రపతి అయింది 2002లో. రాష్ట్రపతి భవన్ కబుర్లు ఆశించి తెరిచినవారు నిరాశపడతారు. హరికథకు పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారి ‘నా యెఱుక’ సుమారు ముప్పై ఏళ్ళ వయసు దాకానే నడుస్తుంది. ఇవి లోపాలు కావు. ముందే చెబితే చదివేవారు ఉన్నదాన్ని చూస్తారు, లేనిదాన్ని వెతుక్కోరు.

మూడోది, రాసిన చేయి ఎవరిదో చూడండి. తమ చేత్తో రాసినది, చెప్పి రాయించినది, మరొకరితో కలిసి రాసినది, వేర్వేరు రకాలు. స్వరాజ్యంగారి పుస్తకం ఆవిడ చెబితే ఇతరులు అక్షరంలో పెట్టారు. కలాంగారి పుస్తకం అరుణ్ తివారీతో కలిసి రాసింది. ‘నా జీవిత యాత్ర’ నాలుగో భాగం ప్రకాశంగారు రాసింది కాదు, తెన్నేటి విశ్వనాథంగారు రాశారు. నాలుగో భాగం ఒక్కటే దొరికితే దాన్ని ఆత్మకథ లెక్కలో వేయకండి. జీవితచరిత్రకు కేటాయించిన ఆ ఒక్క చోటులో వేయండి.

ప్రతి పరిస్థితి కూడా చూడండి. పాత ముద్రణల్లో పేజీలు పెళుసుగా ఉంటాయి, మడత పెడితే విరుగుతాయి. అటువంటి ప్రతిని ఇంటికి ఇవ్వమని పట్టుబట్టకండి. గ్రంథాలయంలోనే కూర్చుని చదివే పుస్తకంగా పెట్టుకోండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదులో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వంటి పాతచోట్లు మీకు దగ్గరైతే ఒక ఆదివారం బృందమంతా వెళ్ళి రండి. ఏడిదము సత్యవతిగారి ‘ఆత్మచరితము’ 1934 నాటిది, తెలుగులో స్త్రీలు రాసుకున్న తొలి ఆత్మకథల్లో ఒకటి. అటువంటివి శాఖా గ్రంథాలయంలో వెతకడం వృథా, పాత గ్రంథాలయాల్లోనే అడగాలి.

ఏ బీరువాలో ఉంటాయి?

‘జీవిత చరిత్రలు’ అని బోర్డు ఉన్న బీరువా ఒక్కటే చూసి వెనక్కి రాకండి. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో 920 దగ్గర కొన్ని ఉంటాయి. కానీ సినిమా వాళ్ళవి 791 దగ్గర, స్వాతంత్ర్య సమరయోధులవి 954 దగ్గర భారతదేశ చరిత్రలో, రచయితలవి తెలుగు సాహిత్యంలో కలిసిపోయి ఉంటాయి. అంకెలు వేయని గ్రంథాలయాల్లో అకారాది వరస ఉంటుంది. అక్కడ మరో తిరకాసు. ఇంటిపేరుతో పెట్టారా, అసలు పేరుతో పెట్టారా? శ్రీపాదవారిని ‘శ్రీ’ దగ్గర, ‘సు’ దగ్గర రెండు చోట్లా వెతకండి. అన్నిటికంటే మంచిది అక్సెషన్ రిజిస్టరు చూడనివ్వమని అడగడం. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకం వచ్చిన తేదీ ప్రకారం అందులో ఉంటుంది. స్వీయ, ఆత్మ, నా, జ్ఞాపకాలు, స్మృతులు, అనుభవాలు, యాత్ర, ఈ మాటలు కనిపించిన ప్రతి పేరూ రాసుకోండి. రెండు సాయంత్రాల పని. నేను చేసినప్పుడు అరవైకి పైగా దొరికాయి. అంతకుముందు ఎవరైనా అడిగితే పదిహేను ఉంటాయని చెప్పేదాన్ని.

రిజిస్టరులో ఉండి బీరువాలో లేనివి విరాళం కట్టల్లో చూడండి. ఒక పెద్దాయన పోయాక ఇంటివాళ్ళు పుస్తకాలన్నీ గోనెసంచుల్లో తెచ్చి ఇస్తారు, అవి మూలన పడి ఉంటాయి. అటువంటి సంచిలో నాకు మా తాలూకాకు చెందిన ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు సొంత ఖర్చుతో అచ్చువేయించుకున్న జ్ఞాపకాల పుస్తకం దొరికింది. నూట ఇరవై పేజీలు, అట్ట మీద బూజు, లోపల అచ్చుతప్పులను ఆయనే నీలం సిరాతో దిద్దుకున్నారు. ఒక పేజీలో మొదటి నెల జీతం ఏ ఖర్చుకు ఎంత పోయిందో దస్తూరీతో రాసిన లెక్కనే బ్లాకు చేయించి అచ్చువేశారు: బియ్యం, కిరసనాయిలు, చెల్లెలికి చీర, తండ్రి అప్పుమీద వడ్డీ, చివరి వరసలో ‘మిగిలినది: లేదు’. ఆ ఏడాది మా బృందం ఎక్కువసేపు మాట్లాడుకున్న పుస్తకం అదే. ఆ బడి ఇప్పటికీ ఉంది, మా సభ్యుల్లో ముగ్గురు అందులో చదివారు. మీ పన్నెండింటిలో ఒకటి మీ ప్రాంతం మనిషి రాసుకున్నది ఉండేలా చూడండి. దాని సాహిత్య విలువ గురించి ఆలోచించకండి.

ఎవరెవరు ఉండాలి

బీరువాలో ఉన్నవాటి నుంచి ఎంచుకోమన్నాను, కానీ ఉన్నదున్నట్టు తీసుకుంటే ఒక ప్రమాదం ఉంది. మన గ్రంథాలయాల్లో ఈ విభాగం నిండా పెద్ద కులాల పురుషులే ఉంటారు: నాయకులు, పండితులు, ఉద్యోగులు. యథాతథంగా తీసుకుంటే పన్నెండుకు పది అవే వస్తాయి. పన్నెండింటిలో కనీసం నాలుగు స్త్రీలవి, మూడు దళితులవి ఉండాలని నేను గట్టిగా నియమం పెట్టుకున్నాను. దొరకనప్పుడు తెప్పించాను.

జాషువాగారి ‘నా కథ’ పద్యాల్లో ఉంటుంది. పద్యమని భయపడకండి. మీ బృందంలో మాస్టారు ఉన్నారు కదా, ఆయన చేత పైకి చదివించండి. కంటితో చదవడం కంటే చెవితో వినడమే దానికి న్యాయం. వై.బి. సత్యనారాయణగారి ‘మా నాయన బాలయ్య’ను పి. సత్యవతిగారు ఇంగ్లీషు నుంచి తెలుగు చేశారు. కరీంనగర్ ప్రాంతపు దళిత కుటుంబం ఒకటి రైల్వే ఉద్యోగం ఆసరాగా, చదువు ఆసరాగా మూడు తరాల్లో ఎక్కడి నుంచి ఎక్కడికి చేరిందో అందులో ఉంది. కొడుకు తండ్రి గురించి రాస్తూ తన గురించీ చెప్పుకున్నారు. జీవితచరిత్రా, ఆత్మకథా అని అడిగితే నేను ఆత్మకథ వైపే వేస్తాను. రాసినవారు ఆ ఇంట్లో మనిషి, ఆ ఆకలి తెలిసిన మనిషి.

రేవతిగారి ‘ఒక హిజ్రా ఆత్మకథ’ కూడా సత్యవతిగారి అనువాదమే. తమిళనాడులో పుట్టిన రేవతి ఇంటినుంచి వెళ్ళిపోవడం, హిజ్రాల సముదాయంలో చేరడం, పడిన హింస, అన్నీ దాపరికం లేకుండా చెబుతారు. ఈ పుస్తకం మీద మీకు ముందే ఒక మాట చెప్పాలి. దీన్ని చదవనని ఒకరిద్దరు అనవచ్చు. బలవంతం చేయకండి. గుత్తిలో మూడు నాలుగు పుస్తకాలు ఉంటాయి కాబట్టి వారికి మరొకటి ఉంటుంది. మా దగ్గర ఒక గృహిణి దాన్ని వార్తాపత్రిక అట్ట వేసుకుని తీసుకెళ్ళి, అలాగే తెచ్చి ఇచ్చారు. ఆ అట్ట నేను తీయలేదు. ఆ తర్వాత తీసుకున్న నలుగురూ కూడా తీయలేదు.

బరువైన పుస్తకాలు వరసగా మూడు పెట్టకండి. ‘నిర్జన వారధి’, బాలయ్య, రేవతి ఒకే వరసలో వస్తే చదివేవారు కుంగిపోతారు. మధ్యలో సినిమా గుత్తి ఒకటి వేయండి. ముళ్ళపూడి వెంకటరమణగారి ‘కోతి కొమ్మచ్చి’, భానుమతిగారి ‘నాలో నేను’, గుమ్మడిగారి ‘తీపి గుర్తులు చేదు జ్ఞాపకాలు’. వీటిని తేలిక రకమని చిన్నచూపు చూడకండి. ముళ్ళపూడివారు చిన్నప్పటి పేదరికాన్ని నవ్విస్తూ చెప్పే పేజీలు చదివి, మా మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం నేను చూశాను.

జీవితచరిత్రలకు ఒక్క చోటే ఎందుకన్నానంటే, అవి తక్కువ రకం పుస్తకాలని కాదు. వేరొకరు రాసినప్పుడు తేదీలు సరిగ్గా ఉంటాయి, సంఘటనలు పూర్తిగా ఉంటాయి. కానీ ఆ మనిషి గొంతు ఉండదు. మీ ఛాలెంజ్ గొంతు వినడానికి పెట్టుకున్నది. నవలలతోనూ ఇదే పేచీ వస్తుంది. శ్రీశ్రీ ‘అనంతం’ను ఆయనే ఆత్మచరిత్రాత్మక నవల అన్నారు. పి.వి. నరసింహారావుగారి ‘లోపలి మనిషి’ కూడా నవలగా రాసిందే. రాసినవారు నవల అన్నప్పుడు మనం ఆత్మకథ అని లెక్కవేయడం సరికాదని నా అభిప్రాయం. ఇష్టమైనవారు అదనంగా చదువుకోవచ్చు.

లేని పుస్తకాన్ని అడగడానికి మొహమాటపడకండి. గ్రంథాలయంలో సూచనల పుస్తకం ఉంటుంది, అందులో రాయండి. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతోంది, కాబట్టి ఇది దయ కాదు. ఎనిమిది మంది సంతకాలతో ఒకే జాబితా ఇస్తే జిల్లా గ్రంథాలయ సంస్థలో దానికి బరువు ఉంటుంది. విడివిడిగా ఒక్కొక్కరు అడిగితే అంత ఉండదు. పైన చెప్పినవాటిలో ‘నిర్జన వారధి’, ‘నా మాటే తుపాకీ తూటా’, బాలయ్య, రేవతి పుస్తకాలు హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసినవే. ఒకే చోట దొరుకుతాయని ఆ జాబితా పక్కనే రాసి ఇవ్వండి, కొనేవారికి పని తేలికవుతుంది.

నెలాఖరు సమావేశం గురించి మీరు అడగలేదు గానీ ఒక్క మాట చెప్పాలి. ‘ఈ పుస్తకం వల్ల ఏమి నేర్చుకున్నారు’ అని అడగకండి. ఆ ప్రశ్నకు అందరూ బడిపిల్లల్లా జవాబు చెబుతారు. ఒక్కొక్కరు తమకు నచ్చిన ఒక్క పేజీ గుర్తు పెట్టుకుని వచ్చి పైకి చదవాలి, ఎందుకు నచ్చిందో చెప్పాల్సిన పనిలేదు. ఎనిమిది పేజీలు వినేసరికి మాటలు వాటంతట అవే వస్తాయి.

ముందు అక్సెషన్ రిజిస్టరు చూసి రండి. దొరికిన పేర్లు ఇక్కడే రాస్తే, వాటిని ఏ వరసలో పెట్టాలో మీతో కలిసి కూర్చుతాను. ‘నా జీవిత యాత్ర’ ఎన్ని భాగాలు ఉన్నాయో ప్రత్యేకంగా చూడండి. మొదటి భాగం లేకపోతే రాజమండ్రి గుత్తిని మరోలా కట్టాలి.